సంతకాన్ని నమ్మి కాపలా మానేస్తే ఎలా?

“సంతకం లేని డ్రైవర్‌ను విండోస్ లోడ్ చేయదు. మ్యాక్‌లో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ల కాలం అయిపోయింది. పైన యాంటీవైరస్ ఉండనే ఉంది. ఇంకా ఏ డ్రైవర్ ఎప్పుడు లోడైందో మనం చూస్తూ కూర్చోవడం దేనికి?” సిస్టమ్ అడ్మిన్లు కలిసినచోట, ఆడిట్ సమావేశాల్లో, భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల మాటల్లో ఈ వాదన తరచుగా వినిపిస్తుంది. వినడానికి ధైర్యంగా ఉంటుంది కాబట్టి నమ్మినవాళ్లూ ఎక్కువే. వందల డెస్క్‌టాప్‌లున్న ఆఫీసుల్లో లాగిన్ల లెక్క ఉంటుంది, ఈమెయిళ్ల లెక్క ఉంటుంది, కెర్నెల్‌లోకి ఏం వెళ్లిందన్న లెక్క మాత్రం ఉండదు. ఈ వాదనలో ఒక్కో వాక్యానికీ కొంత నిజం ఉంది. వాటి నుంచి తీసిన ముగింపు మాత్రం పూర్తిగా తప్పు. ప్రమాదకరమైన తప్పు కూడా.

అసలు ఏం పణంగా పెడుతున్నామో ముందు చూద్దాం. మనం రోజూ వాడే వర్డ్, బ్రౌజర్, అకౌంట్ల ప్రోగ్రాములు అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ గీసిన హద్దుల్లో పనిచేస్తాయి. ఒకదాని మెమరీలో మరొకటి ఇష్టం వచ్చినట్టు వేలు పెట్టలేదు. డ్రైవర్‌కు ఆ హద్దు లేదు. విండోస్‌లో డ్రైవర్ అన్నా, మ్యాక్‌లో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ అన్నా, అది లోడైన క్షణం నుంచి కెర్నెల్‌లో భాగమే. కెర్నెల్ ఏం చేయగలదో అదీ అంతా చేయగలదు. ఫైళ్లను దాచగలదు, నడుస్తున్న ప్రాసెస్‌ను జాబితాలో కనబడకుండా చేయగలదు, యాంటీవైరస్‌ను ఆపేయగలదు. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన పాటల సీడీలతో వచ్చిన కాపీ నిరోధక సాఫ్ట్‌వేర్ ఇలాంటి డ్రైవర్‌నే దింపింది. పేరు మొదట్లో ఒక ప్రత్యేక గుర్తు ఉన్న ప్రతి ఫైలునూ అది కనబడకుండా చేసేది. ఆ ఏడాది అక్టోబర్ 31న విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ బయటపెట్టేదాకా సీడీలు కొన్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. పాటలు అమ్మే కంపెనీకే ఇది చేతనైందంటే, దీన్నే వృత్తిగా పెట్టుకున్న నేరగాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు సంతకం సంగతికి వద్దాం. 64 బిట్ విస్టాతో విండోస్, 2014లో యోసెమిటీతో మ్యాక్, కెర్నెల్‌లోకి వెళ్లే కోడ్‌కు డిజిటల్ సంతకాన్ని తప్పనిసరి చేశాయి. మంచి పనే. కానీ ఆ సంతకం చెప్పేవి రెండే సంగతులు. ఫలానా కీ ఉన్నవాళ్లు ఈ ఫైలు మీద సంతకం పెట్టారు, పెట్టాక లోపలి కోడ్ మారలేదు. అంతే. ఆ కోడ్ మంచిదా? అందులో లోపాలున్నాయా? ఇవాళ ఈ కంప్యూటర్‌లోకి దాన్ని తెచ్చిందెవరు? ఈ మూడింటికీ సంతకం దగ్గర జవాబు లేదు. మనకు కావలసినవి ఈ మూడు జవాబులే.

కీ దొంగతనానికి గురైతే? 2010లో స్టక్స్‌నెట్ బయటపడినప్పుడు దాని డ్రైవర్ల మీద రియల్‌టెక్ సంతకం ఉంది. ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేశారు. కొద్దిరోజులకే అదే కుటుంబానికి చెందిన మరో డ్రైవర్ జేమైక్రాన్ సంతకంతో కనిపించింది. రెండూ తైవాన్‌లోని సిన్‌చు సైన్స్ పార్కులో ఆఫీసులున్న కంపెనీలు, రెండూ నిఖార్సైన హార్డ్‌వేర్ తయారీదారులు. ఇరాన్ అణు కేంద్రాన్ని దెబ్బతీయడానికి తయారైన ఆయుధాన్ని విండోస్ ఏ అనుమానమూ లేకుండా లోడ్ చేసిందంటే అది ఆ సంతకాల చలవే.

“అది పాత కథ, ఇప్పుడు మైక్రోసాఫ్టే స్వయంగా సంతకం పెడుతోంది కదా” అంటారు. నిజమే, 2016లో వచ్చిన విండోస్ 10 వార్షికోత్సవ అప్‌డేట్ నుంచి కొత్త డ్రైవర్లు మైక్రోసాఫ్ట్ పోర్టల్ ద్వారానే రావాలి. ఆ తర్వాత ఏమైంది? 2021 జూన్‌లో జర్మన్ సంస్థ జీ డేటా పరిశోధకులు నెట్‌ఫిల్టర్ అనే రూట్‌కిట్‌ను, అంటే కెర్నెల్‌లో దాక్కునే హానికర సాఫ్ట్‌వేర్‌ను, పట్టుకుంటే, దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకమే ఉంది. అదే ఏడాది అక్టోబర్‌లో బిట్‌డిఫెండర్ బయటపెట్టిన ఫైవ్‌సిస్ రూట్‌కిట్ మీదా అదే సంతకం. 2022 డిసెంబర్‌లో, రాన్సమ్‌వేర్ ముఠాలు వాడిన డ్రైవర్లకు తన భాగస్వామి డెవలపర్ల ఖాతాల ద్వారానే సంతకాలు వెళ్లాయని ఒప్పుకుని మైక్రోసాఫ్ట్ ఆ ఖాతాలను నిలిపేసింది. 2023 జులైలో సోఫోస్ సంస్థ 133 హానికర డ్రైవర్లను గుర్తించి చెప్పింది. వాటిలో 100 మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవే. పరిశీలించి ముద్ర వేసే యంత్రాంగాన్నే మోసగించగలుగుతుంటే, ముద్ర ఉంది కాబట్టి చూడనక్కర్లేదన్న వాదనకు మిగిలిన బలం ఎంత?

ఇవన్నీ పక్కన పెట్టినా, అన్నిటికంటే పెద్ద దారి మరొకటి ఉంది. దానికి కీ దొంగిలించనక్కర్లేదు, ఎవరినీ మోసగించనక్కర్లేదు. పేరున్న కంపెనీ సక్రమంగా తయారుచేసి, సక్రమంగా సంతకం పెట్టిన పాత డ్రైవర్‌లో ఒక లోపం ఉంటే చాలు. దాడి చేసేవాడు ఆ డ్రైవర్‌ను తనే వెంట తెచ్చుకుని బాధితుడి కంప్యూటర్‌లో లోడ్ చేస్తాడు. ఇది ఎలా సాగుతుందో ఒక్క ఉదాహరణను దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

2020 ఫిబ్రవరిలో సోఫోస్ వివరించిన రాబిన్‌హుడ్ రాన్సమ్‌వేర్ దాడి అది. ముఠా అప్పటికే కంప్యూటర్‌లో చొరబడింది. ముందుగా గిగాబైట్ కంపెనీ మదర్‌బోర్డుల కోసం చేసిన జీడీఆర్‌వీ అనే డ్రైవర్‌ను డిస్కు మీద పెట్టి లోడ్ చేసింది. దాని లోపం 2018లోనే బయటి ప్రపంచానికి తెలుసు. తర్వాత కంపెనీ ఆ డ్రైవర్‌ను మానేసింది కూడా. కానీ ఫైలు ఎక్కడికీ పోలేదు, దాని సంతకం చెల్లుతూనే ఉంది. విండోస్ అభ్యంతరం చెప్పలేదు. ఆ లోపం ద్వారా ముఠా కెర్నెల్ మెమరీలోకి చేయి పెట్టి, సంతకాల తనిఖీని నడిపే విలువను మార్చేసింది. తనిఖీ ఆగిన ఆ కాసేపట్లో తన సొంత డ్రైవర్‌ను, అసలు సంతకమే లేని ఆర్‌బీఎన్ఎల్‌ను లోడ్ చేసింది. అది జాబితా పట్టుకుని ఒక్కో భద్రతా సాఫ్ట్‌వేర్‌నూ కెర్నెల్ లోపలి నుంచి చంపింది, వాటి ఫైళ్లను చెరిపేసింది. అడ్డం లేకుండా పోయాక ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలైంది. ఈ మొత్తం కథలో రెండు డ్రైవర్ లోడ్‌లు ఉన్నాయి. మొదటిది సంతకం పరీక్షలో నెగ్గినదే. దాన్ని ఎవరైనా చూసి ‘ఇదేంటి ఇక్కడ?’ అని అడిగి ఉంటే కథ అక్కడే ఆగే అవకాశం ఉండేది.

ఇది ఒక ముఠాకే పరిమితం కాలేదు. ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ ముఠా డెల్ కంపెనీ డ్రైవర్‌ను, బ్లాక్‌బైట్ ముఠా గ్రాఫిక్స్ కార్డుల వేగం పెంచే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో వచ్చే ఆర్‌టీకోర్64ను, మరో రాన్సమ్‌వేర్ ముఠా గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో మోసాలు అరికట్టే డ్రైవర్‌ను ఇలాగే ఆయుధాలుగా వాడుకున్నాయి. ఆట ఇన్‌స్టాల్ చేసి ఉండనక్కర్లేదు, డ్రైవర్ ఫైలు ఒక్కటి చాలు.

“వీటికి నిషేధిత జాబితా ఉంది కదా” అన్నది తర్వాతి సమాధానం. లోపాలున్న డ్రైవర్ల జాబితాను మైక్రోసాఫ్ట్ నిర్వహిస్తోంది. 2022లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ఉండాల్సిందే, ఆపేసి ఉంటే వెంటనే ఆన్ చేయాల్సిందే. కానీ ఆ 2022 అక్టోబర్‌లోనే మరో సంగతి బయటపడింది. విండోస్ 10 కంప్యూటర్లలో ఈ జాబితా 2019 తర్వాత అసలు మారనే లేదని పరిశోధకుడు విల్ డోర్మన్ చూపించారు. అడ్మిన్లు రక్షణ ఉందనుకుంటూనే ఉన్నారు. జాబితా ఏళ్ల తరబడి పాతదే. ఆ లోపాన్ని సరిచేశారు సరే, జాబితా స్వభావం మాత్రం మారదు. ఎవరో ఒకరు దెబ్బతినాలి, ఎవరో పరిశోధించి చెప్పాలి, ఆ డ్రైవర్‌ను నిషేధిస్తే ఎవరి హార్డ్‌వేర్ ఆగిపోతుందో లెక్క చూడాలి, అప్పుడు గానీ పేరు ఎక్కదు. ఒక్క జాబితానే నమ్ముకుంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అవుతుంది. మొదటి బాధితుడికి జాబితా ఎప్పుడూ అక్కరకు రాదు.

మ్యాక్ వాడేవాళ్ల నిశ్చింత ఇంకో రకం. 2017లో హై సియెరాతో, కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ లోడ్ కావాలంటే వాడేవాళ్లు స్వయంగా అనుమతి బటన్ నొక్కాలన్న నియమం పెట్టారు. 2018 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సదస్సులో మ్యాక్ భద్రతా పరిశోధకుడు పాట్రిక్ వార్డిల్ ఆ బటన్‌ను ప్రోగ్రామ్ చేతనే నొక్కించి చూపించారు. మౌస్ బటన్ ‘కిందికి నొక్కారు’ అనే సంకేతాన్ని రెండుసార్లు పంపితే సిస్టమ్ దాన్ని నిజమైన క్లిక్‌గా లెక్కవేసింది. ఆపిల్ దాన్ని సరిచేసింది. 2019లో కాటలీనాతో ఎక్స్‌టెన్షన్లను కెర్నెల్ బయటికి తరలించడం మొదలుపెట్టింది. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో బయటివాళ్ల కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ కావాలంటే రికవరీలోకి వెళ్లి భద్రతా స్థాయిని తగ్గించుకోవాలి. ఇవి నిజంగా గొప్ప మెరుగుదలలు. అయినా 2025 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సీవీఈ-2024-44243 అనే లోపం వివరాలు వెల్లడించారు. డిస్కుల నిర్వహణ చూసే ఆపిల్ ప్రాసెస్‌కే ఉన్న ప్రత్యేక అధికారాన్ని వాడుకుని, సిస్టమ్ సమగ్రతా రక్షణను దాటి, బయటి కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లను లోడ్ చేసే వీలు అందులో ఉంది. సెకోయా 15.2తో 2024 డిసెంబర్‌లో ఆ లోపాన్ని పూడ్చారు. ఆ అప్‌డేట్ వేసుకోని మ్యాక్‌లో అది ఇప్పటికీ తెరిచే ఉంది. ‘కాలం అయిపోయింది’ అన్న మాట అనడం సులువు, పాత ఇంటెల్ మ్యాక్‌లు బల్లల మీద ఉన్నంతకాలం అది నిజం కాదు. పైగా బయటి కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ అరుదైపోయిందంటే, కొత్తది కనబడగానే అనుమానించడం మరింత తేలికైందని అర్థం. అది చూడటం మానేయడానికి కారణం ఎలా అవుతుంది?

ఇక అసలు బలమైన వాదన ఒకటుంది. దానికి సూటిగా జవాబు చెప్పాలి. “డ్రైవర్ లోడ్ చేయాలంటే అడ్మిన్ హక్కులుండాలి. అవి దొంగకు దొరికాయంటే ఆట ముగిసినట్టే. ఆ తర్వాత చూసి ఏం లాభం?” అడ్మిన్‌కూ కెర్నెల్‌కూ మధ్య ఉన్నది భద్రతా సరిహద్దు కాదని మైక్రోసాఫ్ట్ కూడా చెబుతుంది. మరి ఆట ముగిసిపోయినట్టయితే, అడ్మిన్ హక్కులు దొరికిన ముఠాలు పనిగట్టుకుని డ్రైవర్లను మోసుకు రావడం ఎందుకు? ఎందుకంటే అడ్మిన్ హక్కులు వాళ్లకు చాలవు. నేటి భద్రతా సాఫ్ట్‌వేర్ రక్షిత ప్రాసెస్‌గా నడుస్తుంది, దాన్ని అడ్మిన్ కూడా ఆపలేడు. ఆపాలంటే కెర్నెల్‌లోకి వెళ్లాలి. అంటే డ్రైవర్ లోడయ్యే సమయానికి మన కాపలా ఇంకా మెలకువగానే ఉంది. అది చూడగలిగే చివరి ఘట్టాల్లో ఇదొకటి. ఆ ఘట్టాన్నే చూడనక్కర్లేదనడం దాడి చేసేవాడికి కావలసినది మనమే ఇవ్వడం.

ఆ ఘట్టం కూడా ఒక్క క్షణంలో తేలిపోదు. డ్రైవర్ ఫైలు డిస్కు మీదికి రావాలి. దాని పేరుతో సర్వీసు ఏర్పడాలి, అది మామూలు పద్ధతిలో జరిగితే విండోస్ సిస్టమ్ లాగ్‌లో 7045 నంబర్ ఈవెంట్ పడుతుంది. లోడైనప్పుడు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌మాన్ అనే సాధనంలో 6వ నంబర్ ఈవెంట్ పడుతుంది. ఈ రికార్డులు ఆ క్షణమే వేరే సర్వర్‌కు వెళ్లిపోతే, తర్వాత కంప్యూటర్‌లో లాగ్‌ను చెరిపినా సాక్ష్యం చెరగదు. డ్రైవర్ లోడైన కాసేపటికే ఆ కంప్యూటర్ నుంచి సమాచారం ఆగిపోయిందంటే ఆ మౌనమే ఒక అలర్ట్.

నిఘాకు పరిమితులు లేవని నేను అనడం లేదు. లోపమున్న డ్రైవర్‌ను ఎక్కించాక, దాని ద్వారా రెండో డ్రైవర్‌ను నేరుగా మెమరీలోకి పరిచేస్తే ఆ రెండో దానికి లోడ్ ఈవెంట్ పడదు. కానీ మొదటి దానికి పడుతుంది. 2024 ఫిబ్రవరిలో అవాస్ట్ వివరించిన దాడిలో లాజరస్ అసలు బయటి డ్రైవరే తేలేదు, విండోస్‌లో ముందే ఉన్న డ్రైవర్‌లోని లోపాన్ని వాడుకుంది. అలాంటిది ఈ నిఘాకు చిక్కదు. అయితే అందుకోసం వాళ్లు అప్పటిదాకా ఎవరికీ తెలియని లోపాన్ని ఖర్చుపెట్టాల్సి వచ్చింది. చౌక దారి మూసేస్తే శత్రువు ఖరీదైన దారి వెతుక్కోవాలి. రక్షణ పని ఎప్పుడూ ఇలాగే సాగుతుంది. ఒక దారి మూయలేం కాబట్టి అన్నీ తెరిచి పెడదాం అనడం తర్కం కాదు.

చివరి అభ్యంతరం అలసట. “అలర్ట్‌లు వేలల్లో వస్తాయి, ఎవరు చూస్తారు?” ప్రాసెస్‌ల గురించి అయితే ఈ మాట ఒప్పుకోవచ్చు. డ్రైవర్ల గురించి ఒప్పుకోలేం. ఒక ఆఫీసు డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ లోడయ్యే డ్రైవర్లు దాదాపు అవే. కొత్తవి వచ్చేది విండోస్ అప్‌డేట్‌తోనో, ప్రింటర్ మార్చినప్పుడో, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్త వెర్షన్ వేసినప్పుడో. కొన్ని వారాలు మామూలుగా లోడయ్యేవాటి జాబితా రాసుకుంటే, ఆ తర్వాత కొత్తగా కనబడేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

అకౌంట్స్ విభాగంలోని ఒక డెస్క్‌టాప్ నుంచి ఇలాంటి సిస్‌మాన్ రికార్డు వచ్చిందనుకుందాం. లోడైన ఫైలు ఉన్నచోటు: పబ్లిక్ యూజర్ ఫోల్డర్. సంతకం: ఉంది. సంతకం పెట్టింది: మైక్రో-స్టార్ ఇంటర్నేషనల్. స్థితి: చెల్లుతుంది. సంతకాన్నే నమ్మే పద్ధతి ఈ రికార్డును చెత్తబుట్టలో వేస్తుంది. ప్రశ్నలు వేసే మనిషి దగ్గర ఇది అంత తేలిగ్గా గట్టెక్కదు. డ్రైవర్లు ఉండాల్సిన సిస్టమ్ ఫోల్డర్‌లో కాకుండా పబ్లిక్ ఫోల్డర్‌లో ఎందుకుంది? ఓచర్లు కొట్టే కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచే సాఫ్ట్‌వేర్ ఏం పని? ఆఫీసులో మరే కంప్యూటర్‌లోనైనా ఇది ఎప్పుడైనా లోడైందా? కాస్త ముందు ఈ కంప్యూటర్‌లో సర్వీసు సృష్టించిన ఆదేశం ఎవరిచ్చారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతకడానికి రూట్‌కిట్ నిపుణుడు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ ఒక్కదాన్నే పట్టుకోకూడదు. సంతకం లెక్కలోకి రాని భాగాల్లో కొన్ని బైట్లు మార్చితే సంతకం చెడకుండానే హ్యాష్ మారిపోతుంది. సంతకదారు పేరు, ఫైలు అసలు పేరు, ఉన్న చోటు, ఆ సంస్థలో కొత్తదా కాదా అన్నవి కలిపి చూడాలి.

మ్యాక్‌లోనూ దారి ఉంది. ఆపిల్ ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ వ్యవస్థ ప్రతి కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ లోడ్‌కూ సమాచారం ఇస్తుంది. సమాచారం వచ్చినంత మాత్రాన చాలదు. కాబట్టి ఆ మాట వినే మనిషో ప్రోగ్రామో అవతల ఉండి తీరాలి. వెంచురా నుంచి ఈఎస్‌లాగర్ అనే సాధనం మ్యాక్‌లోనే వస్తోంది. ఏ ఎక్స్‌టెన్షన్లు లోడై ఉన్నాయో కేఎంయుటిల్ ఆదేశం చెబుతుంది. ఓఎస్‌క్వెరీ అనే సాధనంలో విండోస్ డ్రైవర్లకూ, మ్యాక్ ఎక్స్‌టెన్షన్లకూ విడివిడిగా పట్టికలున్నాయి. పైసా ఖర్చు లేనివి ఇవన్నీ.

హైదరాబాద్‌లో పగలూ రాత్రీ షిఫ్టుల్లో ప్రపంచం నలుమూలల కంపెనీల అలర్ట్‌లు చూస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల తెర మీదికి రాని ఈవెంట్‌ను వాళ్లు పట్టుకోలేరు. ఏది రావాలో నిర్ణయించేది పైవాళ్లు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలోని సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలి, సంఘటన గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. దాచిన లాగ్‌లలో డ్రైవర్ లోడ్ లేకపోతే, దాడి ఎలా జరిగిందన్న ప్రశ్నకు ఆ 180 రోజుల్లోనూ జవాబు దొరకదు. కాగితం మీద నియమం పాటించినట్టు ఉంటుంది, పని మాత్రం జరగదు.

డ్రైవర్లు తయారుచేసే కంపెనీలకూ ఇందులో బాధ్యత ఉంది. లోపం బయటపడ్డాక కొత్త వెర్షన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. పాత వెర్షన్‌ను నిషేధిత జాబితాలో చేర్చమని తామే ముందుకొచ్చి అడగాలి.

భద్రతా విభాగాలు నడుపుతున్నవారికి ఒక్క విన్నపం. కెర్నెల్ కోడ్‌ను కాపాడే విండోస్ మెమరీ ఇంటెగ్రిటీ, నిషేధిత జాబితా రెండూ ఆన్ చేయండి. అంతటితో ఆగకండి. నిన్న మీ సంస్థలోని అన్ని కంప్యూటర్లలో కొత్తగా లోడైన డ్రైవర్లు ఏవో రేపు ఉదయం మీ బృందాన్ని అడగండి. అదే ప్రశ్న మీకు భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లనూ అడగండి. ఆ జాబితా వెంటనే చూపించగలిగితే మీ ఇల్లు పదిలం. చూపించలేకపోతే, ఎన్ని సంతకాలున్నా మీ కెర్నెల్‌కు కాపలా లేనట్టే.